జైలు గదిలో యాంటిగొనీ: రంగస్థలంపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రాచీన గ్రీకు విషాద నాటకాలకు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన రంగస్థల రూపాంతరాలన్నిటిలోకీ దక్షిణాఫ్రికా నాటకం ‘ది ఐలాండ్’ అత్యుత్తమమైనదని గత సంచికలో ఈ శీర్షికలో రాశాను. ఆ మాటకు వివరణ కోరుతూ, దానితో విభేదిస్తూ చాలా ఉత్తరాలు వచ్చాయి. ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను.

రెండున్నర వేల ఏళ్ళ నాటి గ్రీకు నాటకానికీ దక్షిణాఫ్రికా జైలుకూ సంబంధం ఎలా కుదిరింది? ‘యాంటిగొనీ’ కథ తెలియనివారి కోసం కొంచెం వివరంగా చెప్పగలరా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

ముందు కథ చెబుతాను. థీబ్స్ నగర సింహాసనం కోసం ఈడిపస్ కొడుకులు ఎటియోక్లీస్, పోలినీసెస్ తలపడి ఒకరి చేతిలో ఒకరు చనిపోతారు. వారి మేనమామ క్రియోన్ రాజవుతాడు. నగరాన్ని కాపాడుతూ చనిపోయిన ఎటియోక్లీస్‌కు సకల లాంఛనాలతో అంత్యక్రియలు జరపాలనీ, పరాయి సేనను వెంటబెట్టుకుని సొంత ఊరిమీదికే దండెత్తి వచ్చిన పోలినీసెస్ శవాన్ని మాత్రం కుక్కలకూ పక్షులకూ వదిలేయాలనీ, దాన్ని పూడ్చినవారికి మరణదండన తప్పదనీ అతడు చాటింపు వేయిస్తాడు. వారి చెల్లెలు యాంటిగొనీ ఆ శవం మీద మట్టి చల్లి, పట్టుబడి, ఆ పని చేసింది తానేనని సభలో ఒప్పుకుంటుంది. ఆమెను రాతిగుహలో సజీవంగా మూసివేయమని రాజు ఆజ్ఞాపిస్తాడు. గుడ్డివాడైన ప్రవక్త టైరీసియస్ హెచ్చరించిన తరువాత మనసు మార్చుకుని గుహ దగ్గరికి వెళ్ళేసరికి ఆమె ఉరివేసుకుని ఉంటుంది. ఆమెను పెళ్ళాడవలసిన హీమన్, క్రియోన్ కన్నకొడుకు, తండ్రి కళ్ళెదుటే కత్తితో పొడుచుకుంటాడు. ఆ వార్త విని రాణి యూరిడిసీ కూడా ప్రాణాలు తీసుకుంటుంది. నాటకం ముగిసేసరికి క్రియోన్ బతికే ఉంటాడు, కానీ అతనికంటూ ఎవరూ మిగలరు. సోఫోక్లీస్ ఈ నాటకాన్ని క్రీ.పూ. 441 ప్రాంతంలో ఏథెన్స్‌లో ప్రదర్శించాడని పండితుల అంచనా.

ఇక దక్షిణాఫ్రికా సంగతి. పోర్ట్ ఎలిజబెత్ నగరం పక్కన నల్లజాతివారి నివాస ప్రాంతమైన న్యూ బ్రైటన్‌లో 1963లో ‘సర్పెంట్ ప్లేయర్స్’ అనే నాటక బృందం ఏర్పడింది. తెల్లజాతికి చెందిన నాటక రచయిత ఎథల్ ఫ్యూగార్డ్ వారితో కలిసి పనిచేశాడు. 1965లో ఆ బృందం ‘యాంటిగొనీ’ని తలపెట్టింది. రిహార్సల్స్ సాగుతుండగానే పోలీసులు నటుల్లో ఒకరిని అరెస్టు చేసి, కేప్‌టౌన్ తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న రాబెన్ ద్వీపపు జైలుకు పంపారు. బయట తాను ఆడలేకపోయిన నాటకాన్ని ఆ నటుడు జైల్లో, ఖైదీల వినోద కార్యక్రమంలో, జ్ఞాపకం ఉన్నంత మేరకు కుదించి ఆడాడు. ఆ కబురు బయటికి చేరింది. దాన్నే బీజంగా చేసుకుని ఫ్యూగార్డ్, నటులు జాన్ కానీ (Kani), విన్‌స్టన్ ఎన్‌చోనా ముగ్గురూ కలిసి రిహార్సల్ గదిలో ఈ నాటకాన్ని తయారుచేశారు. 1973 జూలైలో కేప్‌టౌన్‌లోని ‘ది స్పేస్’ అనే చిన్న థియేటర్‌లో మొదటి ప్రదర్శన జరిగింది. జైళ్ళ లోపలి పరిస్థితుల గురించి రాయడం మీద 1959 నాటి జైళ్ళ చట్టం కఠినమైన ఆంక్షలు పెట్టింది గనుక ఆ ద్వీపం పేరు ఎత్తకుండా, ‘హొడోషే పని ముఠా’ అనే అర్థం వచ్చే ఆఫ్రికాన్స్ పేరుతో దాన్ని ఆడారు. నల్లవారికి నటనను ఒక వృత్తిగా చట్టం గుర్తించని రోజులవి. అందుకని ఆ ఇద్దరు నటులనూ ఫ్యూగార్డ్ ఇంటి పనివాళ్ళుగా కాగితాల మీద చూపించవలసి వచ్చింది. ఆ ఇద్దరికే 1975లో న్యూయార్క్‌లో ఉత్తమ నటుడి టోనీ అవార్డు ఉమ్మడిగా లభించింది. ఆ మరుసటి సంవత్సరం ట్రాన్స్‌కై ప్రాంతంలో తమ మరో నాటకాన్ని ఆడినందుకు ఇద్దరినీ నిర్బంధించారు.

రంగస్థలం మీద ఉండేది ఇద్దరే మనుషులు, ఒకే గదిలో ఉండే ఖైదీలు, జాన్, విన్‌స్టన్. పాత్రలకు నటుల పేర్లే పెట్టారు. నాటకం మొదలయ్యాక చాలాసేపు ఒక్క మాట కూడా వినిపించదు. ఒకడు ఇసుక తవ్వి తోపుడుబండిలోకి ఎత్తి, రెండోవాడు తవ్వుతున్న చోటికి తోసుకెళ్ళి అక్కడ పోస్తాడు. రెండోవాడు తన ఇసుకను తెచ్చి మొదటివాడి గోతిలో పోస్తాడు. ఎంత తవ్వినా గుంత లోతు పెరగదు, కుప్ప తరగదు. ఇసుకా, పారా, బండీ ఏవీ నిజంగా ఉండవు, అంతా అభినయమే. ప్రేక్షకుడికి ఆసక్తి పోయి, విసుగు పుట్టి, ఆ విసుగు కూడా దాటి ఒళ్ళు నొప్పులు తెలిసేవరకు అది సాగుతుంది. తరువాత ఇద్దరి కాళ్ళూ కలిపి సంకెల వేసి పరుగెత్తిస్తారు. హొడోషే అనే కాపలాదారు మనకు ఎక్కడా కనిపించడు. నటుల ఒళ్ళు ముడుచుకునే తీరులోనే అతడున్నాడని తెలుస్తుంది.

రాత్రి గదిలోకి చేరాక జాన్ తన పట్టుదల బయటపెడతాడు. ఆరు రోజుల్లో జైలు కచేరీ ఉంది, అందులో ‘యాంటిగొనీ విచారణ’ ఆడితీరాలి. అతడు క్రియోన్, విన్‌స్టన్ యాంటిగొనీ. ఇక్కడ ఒక చిన్న ఘట్టం ఉంది. విచారణలో యాంటిగొనీ ఏమంటుందని జాన్ అడిగితే, ‘నేరం చేయలేదు’ అంటుందని విన్‌స్టన్ జవాబిస్తాడు. కాదు, నాటకంలో ఆమె నేరాన్ని ఒప్పుకుంటుందని జాన్ ఎంత చెప్పినా విన్‌స్టన్‌కు మింగుడుపడదు. అన్నను పూడ్చడం నేరం ఎలా అవుతుందని అతడు వాదిస్తాడు. నల్లవారు ఎప్పుడూ వెంట ఉంచుకోవలసిన గుర్తింపు పుస్తకాన్ని పోలీస్ స్టేషన్ ముందు తగలబెట్టినందుకు యావజ్జీవ శిక్ష పడినవాడు అతడు. సోఫోక్లీస్ ప్రశ్న పండితుల గ్రంథాల్లోంచి దిగివచ్చి ఒక ఖైదీ మొండితనంలో కూర్చోవడం ఆ రెండు మూడు నిమిషాల్లో మన కళ్ళముందే జరుగుతుంది. ఈ నాటకాన్ని నేను అంత పైన నిలబెట్టడానికి మొదటి కారణం ఇదే. ఇందులో గ్రీకు కథను ఎవరూ ఆధునికం చేయలేదు. ఆ కథ ఎవరికి అవసరమో వారి చేతిలో పెట్టారంతే.

రెండో కారణం మధ్యలో వచ్చే మలుపు. అప్పీలులో జాన్ శిక్ష పదేళ్ళ నుంచి మూడేళ్ళకు తగ్గుతుంది. అంటే మూడు నెలల్లో ఇంటికి వెళ్ళిపోతాడు. విన్‌స్టన్ మొదట సంతోషిస్తాడు, ఆ తరువాత అసూయతో కుమిలిపోతాడు. జాన్ ఇల్లు చేరడాన్ని, పడకగది తలుపు మూసుకోవడాన్ని, తనను మరిచిపోవడాన్ని ఒక్కొక్క అడుగుగా ఊహించి చెప్పి అతణ్ణి హింసిస్తాడు. ఇలాంటి ఘట్టం సోఫోక్లీస్‌లో లేదు. కానీ ఇది జరిగిన తరువాతే విన్‌స్టన్ యాంటిగొనీ వేషానికి సిద్ధపడతాడు. సజీవ సమాధి అంటే ఏమిటో అతనికి ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. చివరి దృశ్యంలో క్రియోన్ వేషంలోని జాన్ జైలు అధికారులనూ, కాపలాదారులనూ సంబోధిస్తూ మాట్లాడేటప్పుడు థియేటర్‌లో కూర్చున్న మనమే ఆ జైలు సభ అవుతాం. శిక్ష విన్న విన్‌స్టన్ తలమీది విగ్గు పీకిపారేసి, యాంటిగొనీ మాటలనే తన మాటలుగా, తన నేలనూ తన ఇంటినీ ఉద్దేశించి పలుకుతాడు. ఆ వెంటనే మళ్ళీ సంకెళ్ళు, మళ్ళీ పరుగు, సైరన్.

డిగ్రీ విద్యార్థులకు ‘యాంటిగొనీ’ పాఠం చెబుతున్నప్పుడు ప్రతి ఏడాదీ ఒకే చర్చ వస్తుంది. క్రియోన్ ప్రతినాయకుడా, కాదా? ఫ్రెంచి రచయిత అనూయ్ రాసిన రూపాంతరంలో క్రియోన్ మాటలే ఎక్కువ సబబుగా అనిపిస్తున్నాయని విద్యార్థులు అంటున్నారు. ఆ నాటకం నాజీలను సమర్థించిందన్న మాట నిజమేనా?
– ఒక అధ్యాపకురాలు, విజయనగరం

మీ విద్యార్థులు బాగా చదువుతున్నారమ్మా. మొదట సోఫోక్లీస్ క్రియోన్‌ను చూద్దాం. రాజ్యాన్ని ఓడతో పోల్చి, ఆ ఓడ నిటారుగా సాగితేనే స్నేహాలైనా బంధుత్వాలైనా నిలుస్తాయనీ, దేశం కంటే మిత్రుణ్ణి ఎక్కువగా చూసుకునేవాడికి తన దృష్టిలో విలువ లేదనీ అతడు చేసే తొలి ప్రసంగాన్ని ఏథెన్స్ ప్రజలు దుర్మార్గుడి మాటలుగా వినలేదు. దాదాపు వందేళ్ళ తరువాత, క్రీ.పూ. 343లో, మహావక్త డెమోస్తనీస్ తన ప్రత్యర్థి ఎస్కినీస్ మీద నడిపిన వ్యాజ్యంలో ఆ పంక్తులనే న్యాయసభలో చదివించాడు. ఎస్కినీస్ పూర్వాశ్రమంలో నటుడు, క్రియోన్ వేషం కట్టినవాడు. వేదిక మీద ఇంత మంచి మాటలు పలికిన మనిషి రాజకీయాల్లో వాటిని ఎందుకు మరిచిపోయాడన్నది డెమోస్తనీస్ ఎత్తిపొడుపు. అదీగాక, దేశద్రోహులను సొంత గడ్డ మీద పూడ్చరాదన్న నియమం ఏథెన్స్‌లోనే ఉండేది. అయితే సరిహద్దు అవతల పారవేయడం వేరు, ఊరి పక్కనే కుక్కలకు వేసి బంధువులెవరినీ దగ్గరికి రానివ్వకపోవడం వేరు. ఆ రెండింటి మధ్య ఉన్న గీతను క్రియోన్ ఎప్పుడు దాటాడో అతనికే తెలియదు. కాబట్టి అతడు తప్పు చేసిన రాజు, అంతే తప్ప పుట్టుకతో రాక్షసుడు కాడు. హీమన్ వచ్చి ఊళ్ళో జనం గుసగుసలాడుకుంటున్నారని తండ్రికి చెప్పే ఘట్టం తరగతిలో గట్టిగా చదివించండి. అంతవరకూ నగరం కోసమే అన్నవాడు, ఆ నగరం తన సొత్తని నోరు జారేది అక్కడే.

అనూయ్ నాటకం 1944 ఫిబ్రవరిలో, పారిస్ ఇంకా జర్మన్ ఆక్రమణలో ఉండగా, ఆంద్రే బర్సాక్ దర్శకత్వంలో అతెలియే థియేటర్‌లో మొదలైంది. పాత్రలు గ్రీకు వేషాల్లో కాక, ఆనాటి ఆధునిక దుస్తుల్లోనే కనిపించాయి. జర్మన్ సెన్సారు దాన్ని అనుమతించింది. అణచివేతకు ఒక చిన్న పిల్ల చెప్పిన ‘కాదు’ అన్న మాటను సభలో చాలామంది తమ మాటగా విన్నారు. మరోవైపు, రహస్యంగా వెలువడే ప్రతిఘటనోద్యమ పత్రికలో ఆ నాటకాన్ని తీవ్రంగా ఖండించారు. క్రియోన్‌ను అంత అర్థవంతంగా, అలసిపోయిన బాధ్యతాపరుడిగా చూపడం శత్రువుతో చేతులు కలిపిన ప్రభుత్వానికి సాకు సమకూర్చడమేనన్నది వారి వాదన. ఆ రోజుల్లో ప్రాణాలొడ్డి పనిచేస్తున్నవారి కోపాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. అయినా నాజీలను సమర్థించిన నాటకమని మాత్రం అనను. అనూయ్ చేసిన మార్పు వేరే చోట ఉంది. అతని క్రియోన్ యాంటిగొనీని కూర్చోబెట్టి, అన్నలిద్దరూ తుంటరులేననీ, ఇద్దరూ తండ్రిని చంపించాలనుకున్నారనీ, గుర్తుపట్టలేనంతగా నలిగిపోయిన రెండు శవాల్లో కాస్త బాగున్నదాన్ని ఏరుకుని లాంఛనాలు జరిపించాననీ చెబుతాడు. ఆ మాటతో ఆమె చేసిన పని కిందనుంచి కారణం జారిపోతుంది. చిన్నప్పుడు అన్న ఇసుకలో ఆడుకున్న పారతో అతణ్ణి పూడ్చబోయిన పిల్ల ఆ తరువాత కూడా వెనక్కి తగ్గదు. అయితే ఇప్పుడు ఆమె నిలబడింది అన్న కోసమో దేవతల కోసమో కాదు, రాజీపడే బతుకు తనకు వద్దని. టైరీసియస్‌ను అనూయ్ పూర్తిగా తీసేశాడు గనుక రాజుది తప్పని చెప్పే దైవవాణి కూడా లేదు. నాటకం చాలా గొప్పది, కానీ చచ్చినవాడు అందులో ఒక సాకుగా మిగిలిపోయాడు. ‘ది ఐలాండ్’ను దానికంటే ఎక్కువగా ఇష్టపడడానికి నాకున్న కారణాల్లో ఇదొకటి.

మీ తరగతికి పనికివచ్చే మరో విషయం చెబుతాను. రాబెన్ ద్వీపంలో 18 ఏళ్ళు గడిపిన నెల్సన్ మండేలా అక్కడి ఖైదీల ప్రదర్శనలో వేసింది క్రియోన్ వేషం. మొదట్లో వివేకిగా కనిపించిన రాజు పట్టువిడుపులు లేక చెడిపోయాడనీ, తమ పోరాటానికి గుర్తుగా నిలిచింది యాంటిగొనీయేననీ ఆయన ఆత్మకథలో రాసుకున్నాడు. అధికారం చేపట్టబోయే మనిషి జైల్లో క్రియోన్ నోటి మాటలను కంఠస్థం చేయడం ఎంత మంచి శిక్షణో విద్యార్థులే చర్చిస్తారు.

‘ది ఐలాండ్’లో యాంటిగొనీ వేషం మగవాడే ఎందుకు వేస్తాడు? నవ్వులాటగా ఉండదా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

ఏథెన్స్‌లో ఆడ, మగ పాత్రలన్నీ మగవారే ముఖాలకు తొడుగులు పెట్టుకుని వేసేవారు. ఇక మగవారి జైల్లో మరో దారి లేదు. నవ్వులాట అవుతుందేమోనన్న భయం ఆ నాటకంలోనే ఉంది. తాడు పీచుతో చేసిన విగ్గూ, మేకులు గుచ్చిన హారమూ పెట్టుకున్న విన్‌స్టన్‌ను చూసి జాన్ పడీపడీ నవ్వుతాడు. విన్‌స్టన్ వాటిని విసిరికొట్టి, కాపలాదారులు తనను ఆడదానిగా చూసి వెకిలిగా నవ్వడానికి తాను ఒప్పుకోనంటాడు. కాసేపు నవ్వుతారు, ఆ తరువాత వినక తప్పదని జాన్ నచ్చజెబుతాడు. చివరి దృశ్యంలో సరిగ్గా అదే జరుగుతుంది. స్థానం నరసింహారావు గారి స్త్రీ పాత్రలను తలచుకునే తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. తేడా ఏమిటంటే, స్థానం వారిని చూసినవారు ఆయన మగవాడన్న సంగతి మరిచిపోయేవారని పెద్దలు చెబుతారు. ఇక్కడ మనం మరిచిపోకూడదు. విగ్గు ఊడిన క్షణానికి బలం వచ్చేది ఆ ఎరుక వల్లనే.

రావణుడి అంత్యక్రియల విషయంలో శ్రీరాముడు ‘మరణాంతాని వైరాణి’ అన్న దేశం మనది. శవాన్ని పూడ్చాలా వద్దా అన్న తగువు మన ప్రేక్షకుడి మనసుకు ఎక్కుతుందా? నలభై ఏళ్ళు రంగస్థలం మీద గడిపినవాడిగా నాకు అనుమానమే.
– ఒక విశ్రాంత నటుడు, తెనాలి

అయ్యా, మీరు ఎత్తిన శ్లోకమే ఈ కథకు మన ప్రేక్షకుణ్ణి అందరికంటే ఎక్కువగా సిద్ధం చేస్తుందని నా మనవి. యుద్ధకాండలో ఆ సందర్భం చూడండి. అన్నకు సంస్కారాలు చేయడానికి వెనకాడినవాడు విభీషణుడు. అధర్మపరుడూ, క్రూరుడూ, పరస్త్రీని చెరపట్టినవాడూ అయిన అన్న అందుకు తగడంటాడు. అంటే తోబుట్టువు క్రియోన్ వాదన వినిపిస్తున్నాడు. చావుతోనే పగలు తీరిపోతాయనీ, అతడు నీకెంతో నాకూ అంతేననీ గెలిచిన రాముడు చెప్పి దహనం చేయిస్తాడు. భారతంలో కూడా యుద్ధం ముగిశాక ధర్మరాజు రెండు పక్షాలవారికీ, చివరికి ఎవరూ లేని అనాథలకు కూడా సంస్కారాలు జరిపిస్తాడు. మన ఇతిహాసాల్లో ఆ ధర్మం గెలిచినవాడి నోట వచ్చింది. థీబ్స్‌లో గెలిచినవాడికి ఆ బుద్ధి పుట్టలేదు, అందువల్ల ఆ ధర్మాన్ని ఒక ఆడపిల్ల తన ప్రాణంతో నిలబెట్టవలసి వచ్చింది. రాముడు ఆ మాట అనకపోయి ఉంటే లంక ఏమయ్యేదన్న ప్రశ్నే సోఫోక్లీస్ నాటకం. తెలుగు ప్రేక్షకుడికి ఈ సంగతి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. కుళ్ళుతున్న శవం దగ్గర ముక్కు మూసుకుని కూర్చున్న కాపలావాడి వర్ణన వినగానే అతనికి అర్థమవుతుంది.

ఇక ఇది పురాణాలకే పరిమితమైన తగువా అంటే, మనకు తెలియనిది కాదు. ఎదురుకాల్పుల్లో మరణించినవారి మృతదేహాలను అప్పగించాలని తల్లిదండ్రులూ తోబుట్టువులూ ఆసుపత్రుల ముందు పడిగాపులు కాయడం, హైకోర్టు తలుపు తట్టడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జరిగినవే. చనిపోయినవారి రాజకీయాలను ఒప్పుకోనివారు కూడా ఆ తల్లుల ముఖంలోకి చూసి మాట్లాడడానికి ఇబ్బంది పడ్డారు. కోవిడ్ రోజుల్లో శ్మశానం దగ్గర అడ్డుపడిన ఊళ్ళున్నాయి, ఎవరూ ముందుకు రాని శవాలను భుజాన వేసుకున్న అపరిచితులూ ఉన్నారు. మీ వంటి అనుభవజ్ఞులు క్రియోన్ వేషం కడితే చూడాలని నాకు ఆశగా ఉంది.

భారతీయ రంగస్థలానికి గ్రీకు నాటకం కొత్త కూడా కాదు. శంభు మిత్ర 1964లో బెంగాలీలో ‘రాజా ఈడిపస్’ను బహురూపీ సంస్థ తరఫున ప్రదర్శించాడు. మణిపూర్‌లో రతన్ థియమ్ 1986లో ‘యాంటిగొనీ’ని ‘లెంగ్‌షొన్నై’ పేరుతో తన భాషలోకి, తన నేల మీది అభినయ రీతుల్లోకి తెచ్చాడు.

ఇటీవలి విదేశీ ప్రదర్శనల్లో గ్రీకు రాజులు సూటు వేసుకుని సెల్‌ఫోన్‌తో తిరుగుతున్నారు. ఆధునికీకరణ అంటే ఇంతేనా? బృందగానాన్ని ఏం చేయాలి?
– ఒక రంగస్థల కళల విద్యార్థి, హైదరాబాద్

సూటు వల్ల చెడేదీ లేదు, బాగుపడేదీ లేదు. ఆ మార్పు నాటకం నడకను పట్టుకుందా లేదా అన్నదే అసలు సంగతి. ఒక మంచి ఉదాహరణ చెబుతాను. తెలియక తండ్రిని చంపి తల్లిని పెళ్ళాడిన రాజు కథ ‘ఈడిపస్’ను బ్రిటిష్ దర్శకుడు రాబర్ట్ ఐక్ 2018లో ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ, 2024లో మార్క్ స్ట్రాంగ్, లెస్లీ మాన్‌విల్‌లతో లండన్‌లోనూ ప్రదర్శించాడు. అందులో ఈడిపస్ ఎన్నికల ఫలితాల కోసం ఎదురుచూస్తున్న నాయకుడు. వేదిక మీద ఒక గడియారం క్షణాలను వెనక్కి లెక్కపెడుతూ ఉంటుంది. అది అలంకారంగా పెట్టినది కాదు. ఒక్క రోజులో, ఒక్క చోట, నిజం దగ్గరపడుతున్నకొద్దీ ఊపిరి బిగబట్టించడం సోఫోక్లీస్ నిర్మాణంలోనే ఉంది. గెలుపు ప్రకటించే వేళకూ తానెవరో తెలుసుకునే వేళకూ ముడిపెట్టడం ద్వారా దర్శకుడు ఆ బిగువును కంటికి కనిపించేలా చేశాడు.

దీనికి పూర్తిగా భిన్నమైన దారి జర్మన్ నాటక రచయిత, దర్శకుడు బ్రెష్ట్‌ది. ప్రవాసం ముగించుకుని యూరప్ తిరిగివచ్చాక 1948 ఫిబ్రవరిలో స్విట్జర్లాండ్‌లోని కూర్ పట్టణంలో అతడు ‘యాంటిగొనీ’ని ఆడించాడు. 1945 ఏప్రిల్‌లో బెర్లిన్‌లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు సైన్యంలోంచి పారిపోయి వచ్చిన తమ అన్న ఇంటి ముందు ఉరికి వేలాడుతుండగా చూడడంతో అది మొదలవుతుంది. ఆ తరువాత కథ గ్రీసుకు మళ్ళుతుంది. అక్కడ క్రియోన్ చేస్తున్నది ఇనుప గనుల కోసం ఆర్గోస్ మీద దురాక్రమణ యుద్ధం. శిక్ష పడ్డ యాంటిగొనీగా నటి హెలెన్ వైగెల్ ఒక తలుపు చెక్కను వీపుకు కట్టుకుని వేదికంతా తిరిగింది. ఆ బరువు నడకను మారుస్తుంది, నడక గొంతును మారుస్తుంది. నటన నేర్చుకుంటున్నవారు ఆ ఫొటోలు వెతికి చూడవలసినవి. కథను మాత్రం బ్రెష్ట్ మరీ సరళం చేశాడని నా అభిప్రాయం. క్రియోన్ దోపిడీదారు అయిపోయాక అతని మాట వినవలసిన అవసరం ప్రేక్షకుడికి ఉండదు.

బృందగానం గురించి మీరు అడిగింది చాలా ముఖ్యమైన ప్రశ్న. ఆధునిక ప్రదర్శనలు ఎక్కువగా తడబడేది అక్కడే. సోఫోక్లీస్ కాలంలో పదిహేనుమంది పాడుతూ ఆడుతూ రంగం మధ్యలో ఉండేవారు. ఇప్పుడు వాళ్ళను ఒకే వ్యాఖ్యాతగా కుదించడం, లేదా తీసేయడం అలవాటైపోయింది. 2014 ఆగస్టులో అమెరికాలోని ఫెర్గూసన్‌లో మైకేల్ బ్రౌన్ అనే నల్లజాతి యువకుణ్ణి పోలీసు కాల్చి చంపాక శవం దాదాపు నాలుగు గంటలు నడివీధిలోనే పడి ఉంది. ఆ నేపథ్యంలో 2016లో బ్రయన్ డోరిస్ రూపొందించిన ‘యాంటిగొనీ ఇన్ ఫెర్గూసన్’లో బృందగానాన్ని చర్చి పాటల బాణీలో కట్టి, ఆ ప్రాంతపు గాయకులతో పాడించారు. ఆ గాయకుల్లో ఉపాధ్యాయులున్నారు, పోలీసులూ ఉన్నారు. నాటకం అయ్యాక సభలోనివారంతా మాట్లాడతారు. ఊరు అనే పాత్రను నిజంగా ఊరే వేస్తే ఎలా ఉంటుందో అది చూపింది.

తెలుగులో అయితే బుర్రకథ వంతలను ఒకసారి ప్రయత్నించి చూడండి. ఆ పద్ధతిలో ఒక వంత రాజకీయం చెబుతుంది, మరొకటి హాస్యం పలుకుతుంది, కథకుణ్ణి ఇద్దరూ ప్రశ్నిస్తారు. అయితే ఒక జాగ్రత్త అవసరం. బుర్రకథ వంతకు ఎవరినైనా నిలదీసే స్వేచ్ఛ ఉంటుంది. ‘యాంటిగొనీ’లో బృందగానం చేసే థీబ్స్ పెద్దలకు అది లేదు. వాళ్ళు రాజుకు భయపడతారు, తలూపుతారు, చాలా ఆలస్యంగా నోరు విప్పుతారు. ఎప్పుడూ వాగే వంత రాజు ముందు మాట మింగడం చూపగలిగితే మీకు దొరకవలసింది దొరికినట్టే.

మా బృందం పరిషత్తు పోటీలకు ‘యాంటిగొనీ’ని నాటికగా సిద్ధం చేయాలనుకుంటోంది. ఏ పాఠం తీసుకోవాలి? ఎవరి అనుమతి కావాలి?
– ఒక నాటక సమాజ కార్యదర్శి, తిరుపతి

సోఫోక్లీస్ మూల నాటకం మీద ఎవరికీ హక్కులు లేవు. కానీ ఇటీవలి అనువాదాలకు వేరుగా హక్కులుంటాయి. మీరు ఒక ఆధునిక ఇంగ్లీషు అనువాదాన్ని పెట్టుకుని దాన్నే తెలుగు చేస్తే అనుమతి అవసరమవుతుంది. పాతకాలపు అనువాదాలు రెండు మూడు ఎదురుగా పెట్టుకుని సొంతంగా రాసుకోవడం క్షేమం. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ళ వరకు కాపీరైటు ఉంటుంది. అనూయ్ 1987లో మరణించాడు గనుక ఆయన నాటకానికి ఇంకా అనుమతి తీసుకోవలసిందే. ‘ది ఐలాండ్’ ముగ్గురి ఉమ్మడి రచన. ఎన్‌చోనా 2018లో, ఫ్యూగార్డ్ 2025లో మరణించినా హక్కులు సజీవంగానే ఉన్నాయి. ఫలానా నాటకానికి ‘స్వేచ్ఛానుసరణ’ అని కరపత్రంలో వేసుకుని అడగకుండా ఆడడం మన దగ్గర జరుగుతూనే ఉంది. ఆ పని చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. జైలు పాలవుతామని తెలిసీ ఆ నాటకాన్ని తయారుచేసినవారికి ఒక ఉత్తరం రాయడం పెద్ద కష్టం కాదు.

గంట సమయంలో మూలాన్ని పట్టించాలంటే కొన్ని ఘట్టాలు వదలాలి. యూరిడిసీని తీసేసినా నాటకం నిలబడుతుంది. చావులన్నిటినీ వేదిక మీద చూపాలన్న ఉబలాటం మాత్రం పెట్టుకోవద్దు. గ్రీకు నాటకంలో దూత వచ్చి చెబుతాడు, ఆ చెప్పడంలోనే బలం ఉంది, పైగా మంచి వాచికం ఉన్న నటుడికి అది పండగ. తోబుట్టువైన ఇస్మీనీతో యాంటిగొనీ మాట్లాడే మొదటి ఘట్టం, కాపలావాడు వణుకుతూ వచ్చే ఘట్టం, విచారణ, హీమన్ వాదన, టైరీసియస్, దూత ఉంటే చాలు. కాపలావాడి పాత్రను కుదించవద్దు. రాజుకు చెడ్డ వార్త చెప్పడానికి వస్తూ దారిలో పదిసార్లు ఆగాననే ఆ మనిషి మాటల్ని మీ చిత్తూరు యాసలోనే రాయండి. మిగతా పాత్రలకు కల్పిత గ్రాంథికం వద్దు, సినిమా రాజుల భాష అసలే వద్దు.

పాత్రల ఎంపికలో సాధారణంగా సమాజాలు మంచి నటిని యాంటిగొనీకి కేటాయించి, క్రియోన్‌ను గొంతు పెద్దదిగా ఉన్నవాడికి అప్పగిస్తాయి. నాటకంలో ఆమె మూడింట రెండొంతుల దగ్గరే వెళ్ళిపోతుంది. చివరిదాకా ఉండి, కొడుకు శవాన్ని చేతులతో మోసుకుని తిరిగివచ్చేవాడు క్రియోన్. తొలి ప్రసంగంలో సభ అతనితో ఏకీభవించాలి, చివర అతణ్ణి చూడలేకపోవాలి. మీ దగ్గరున్నవారిలో అందరికంటే సమర్థుడైన నటుణ్ణి ఆ వేషానికి పెట్టండి, రిహార్సల్స్ ఆ తొలి ప్రసంగంతోనే ప్రారంభించండి.